సీరియం ఉప్పు నీళ్లలో వేస్తే విరిగిన పాలలా అయింది. తప్పు పాపదేనా?

బరంపురం_అమ్మ
మా అమ్మాయి ఇక్కడే డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది, రసాయనశాస్త్రం. నిన్న ప్రయోగశాలలో సెరిక్ అమ్మోనియం సల్ఫేట్ (సీరియం అనే లోహపు ఉప్పు) ద్రావణం పావు లీటరు తయారు చేయమన్నారట. 15.8 గ్రాములు గీత తప్పకుండా తూచింది. పసుపు, నారింజ కలిసిన పొడి. స్వేదనజలంలో వేసి గాజు కడ్డీతో కలుపుతుంటే కాసేపటికి బీకరంతా తెల్లబారి, అడుగున లేత పసుపు మడ్డి పేరుకుందట. కంగారుపడి తరువాత సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసింది, అయినా ఆ మడ్డి పోలేదు. అందరి ముందూ "ఖరీదైన ఉప్పు తగలేశావు" అన్నారు. ఇంటికి వచ్చి అన్నం తినకుండా పడుకుంది. నేను చదివింది తెలుగు సాహిత్యం, ఇందులో నాకు ఓనమాలు కూడా రావు. తెలిసినవారు చెప్పండి. పిల్ల చేసిన తప్పు ఏమిటి? ఉప్పు పాతదా, నీళ్లు మంచివి కావా?

గంజాం_గాలి
నీళ్లే అయి ఉంటాయి. మా వీధి బోరు నీటిలో పప్పు కూడా ఉడకదు.

నల్లఇసుక
స్వేదనజలం అని రాశారు కదా, బోరు నీటి సంగతి ఎందుకు? తూకం కూడా సరిగ్గానే ఉంది. ఆ ఉప్పు అణుభారం 632.55, పావు లీటరు 0.1 మోలార్ ద్రావణానికి 15.8 గ్రాములే కావాలి. గుణుపురం మాస్టారు వస్తే వివరంగా చెబుతారు. అంతవరకు పాపకు అన్నం పెట్టండి అమ్మా.

గుణుపురం_మాస్టారు
వచ్చాను. ముప్పై ఏళ్లు ఈ ద్రావణంతోనే అంశమాపనం (చుక్కచుక్కగా పోసి ఎంత పదార్థం ఉందో లెక్కకట్టే టైట్రేషన్) చేయించాను, ఈ మడ్డిని కనీసం వందసార్లు చూశాను.

పాప తప్పు ఒక్కటే, వరుస తారుమారైంది. ఈ ఉప్పును ముందు ఆమ్లంలో కరిగించాలి, నీళ్లు తరువాత. కారణం చెబుతాను. ఈ ఉప్పులో సీరియం నాలుగు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని ఉంటుంది. దాని సోదర లోహాలు మామూలుగా మూడే పోగొట్టుకుంటాయి. నాలుగు పోయిన అయాన్ చిన్నదవుతుంది, ఆవేశం పెద్దదవుతుంది. చుట్టూ ఎనిమిది పరమాణువులు ఉన్నప్పుడు మూడు ధనావేశాల సీరియం వ్యాసార్ధం 114 పికోమీటర్లయితే నాలుగింటిది 97. అంత చిన్న చోట అంత ఆవేశం ఉంటే అది పక్కనున్న నీటి అణువులోని ఆక్సిజన్‌ను గట్టిగా తనవైపు లాక్కుంటుంది, ఆ నీటి నుంచి హైడ్రోజన్ అయాన్ ఊడిపోతుంది. ఇదే జలవిశ్లేషణ. మిగిలిన హైడ్రాక్సైడ్ ముక్కలు ఒకదానికొకటి అల్లుకుని, కరగని క్షార లవణంగా కిందికి దిగుతాయి. ద్రావణంలో ముందే ఆమ్లం దండిగా ఉంటే హైడ్రోజన్ అయాన్ ఊడటానికి వీలుండదు, మడ్డి రాదు. ఒకసారి అల్లుకున్నాక మాత్రం ఆమ్లం పోసినా తొందరగా విడిపోదు. అందుకే పాప తరువాత పోసిన ఆమ్లం పని చేయలేదు.

బరంపురం_అమ్మ
మాస్టారూ, పక్కన కూర్చోబెట్టి చదివి వినిపించాను. పాప ఒక మాట అడుగుతోంది. ఆమ్లంలో నీళ్లు పోయకూడదు, నీళ్లలోనే ఆమ్లం పోయాలి అని ఎనిమిదో తరగతి నుంచి చెబుతున్నారు. ఉప్పు మీద ఆమ్లం పోసి తరువాత నీళ్లు పోస్తే చిమ్మదా?

గుణుపురం_మాస్టారు
అడగవలసిన ప్రశ్న అడిగింది. కొన్ని పద్ధతుల్లో ఉప్పు మీద గాఢ ఆమ్లం పోసి, రెండు నిమిషాలు కలిపి, నీటిని కొద్దికొద్దిగా చేరుస్తారు. అనుభవం ఉన్న చేయి కావాలి. విద్యార్థులతో నేను అలా చేయించను. పావు లీటరుకు ఇలా చేయమనండి. 7 మిల్లీలీటర్ల నీరు చిన్న బీకరులో తీసుకుని, అందులో 7 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం బీకరు గోడ వెంట నెమ్మదిగా జార్చాలి. బీకరు బాగా వేడెక్కుతుంది, చేత్తో పట్టుకోకూడదు. ఆ వేడిలోనే తూచిన ఉప్పు వేసి కలపాలి. తరువాత ఈ ఆమ్ల ద్రావణానికే నీరు కొంచెం కొంచెంగా చేర్చి, అవసరమైతే మెల్లగా వేడి చేసి, మొత్తం కరిగాక చల్లార్చి, 250 గుర్తు దాకా నింపాలి. ఆమ్లం అప్పటికే పలచబడింది కాబట్టి చిమ్మదు. కళ్లద్దాలు తప్పనిసరి. పక్కన అధ్యాపకులు లేకుండా మాత్రం చేయవద్దు.

రాయగడ_రవ్వ
నేను ఇంటర్ చదువుతున్నాను. మా పుస్తకంలో లాంథనైడ్లన్నింటికీ (సీరియం, దాని సోదర లోహాలు) ఆక్సీకరణ స్థితి, అంటే పోగొట్టుకున్న ఎలక్ట్రాన్ల లెక్క, +3 అని పెద్ద అక్షరాలతో ఉంది. +4 రాస్తే మార్కులు పోతాయి కదా?

నల్లఇసుక
అదే పుస్తకంలో నాలుగు పంక్తులు కింద చదువు తమ్ముడూ, సీరియానికి +4, యూరోపియానికి +2 అని కూడా ఉంటుంది. సీరియం పరమాణు సంఖ్య 58. దానికంటే వెనుక ఉన్న జడవాయువు జినాన్ 54. నాలుగు ఎలక్ట్రాన్లు పోతే సరిగ్గా జినాన్ అమరిక వస్తుంది. నాలుగో ఎలక్ట్రాన్ తీయటానికి చాలా శక్తి కావాలన్న మాట నిజమే, కానీ ఆక్సైడ్ స్ఫటికంలోనో ద్రావణంలోనో కుదురుకున్నప్పుడు ఆ ఖర్చు తిరిగి వచ్చేస్తుంది.

గాలిలో కాల్చినప్పుడు తేడా కళ్లకే కనిపిస్తుంది. లాంథనం ఆక్సలేట్‌ను కాలిస్తే రెండు లోహ పరమాణువులకు మూడు ఆక్సిజన్లున్న తెల్లటి ఆక్సైడ్ మిగులుతుంది. సీరియం ఆక్సలేట్‌ను కాలిస్తే ఒకటికి రెండు ఆక్సిజన్లతో, లేత పసుపు రంగులో, నేరుగా డయాక్సైడ్ వస్తుంది. గాలిలో ఉన్న ఆక్సిజనే దాన్ని +4కు ఎక్కించేస్తుంది.

జయపురం_జిజ్ఞాస
అంత తిప్పలు ఎందుకు? సల్ఫ్యూరిక్ బదులు హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగిస్తే సరిపోదా? మా ప్రయోగశాలలో అదే సులభంగా దొరుకుతుంది.

గుణుపురం_మాస్టారు
దయచేసి ఆ పని చేయవద్దు. +4 సీరియం బలమైన ఆక్సీకరణి, అంటే ఎదుటి పదార్థం నుంచి ఎలక్ట్రాన్లు లాక్కునేది. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఆ లాగుడు బలం, అంటే పొటెన్షియల్, 1.44 వోల్టులు. క్లోరైడ్‌తో గాఢంగా, వేడిగా కలిపి ఉంచితే అది క్లోరైడ్‌నే ఆక్సీకరణం చేసి క్లోరిన్ వాయువును వదులుతుంది, తాను +3కు దిగిపోతుంది. పసుపు రంగు వెలిసిపోతుంది, గది నిండా ఘాటు. సెరిక్ ఫ్లోరైడ్ ఉంది, సీసాలో పోసి అమ్ముతారు. సెరిక్ క్లోరైడ్ సీసా ఎక్కడా చూసి ఉండరు, కారణం ఇదే.

జయపురం_జిజ్ఞాస
మరి ఇనుము అంశమాపనంలో శంఖాకార కుప్పెలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్నా ఫరవాలేదని నేను చదివాను. ఇదే పనికి వాడే మరో ఆక్సీకరణి పర్మాంగనేట్ కంటే సీరియం మేలు అని చెప్పేది అందుకే కదా? మీ మాటకు, దానికి పొంతన కుదరడం లేదు.

గుణుపురం_మాస్టారు
మీరు చదివినది సరైనదే, నేను ఆ సంగతి కలిపి చెప్పవలసింది. కుప్పెలో ఇనుము ఉన్నంతవరకు బ్యూరెట్ గొట్టం నుంచి పడిన ప్రతి సీరియం చుక్కనూ ఇనుమే వెంటనే తీసుకుంటుంది. చల్లని పలచటి క్లోరైడ్‌తో సీరియం చర్య చాలా నెమ్మది, కాబట్టి అంత్యబిందువు (చర్య ముగిసే చోటు) చెడదు. నేను వద్దన్నది సీరియం ద్రావణాన్ని ఆ ఆమ్లంలో తయారు చేసి నిల్వ ఉంచటం. పర్మాంగనేట్ అయిదు ఎలక్ట్రాన్ల మనిషి, మధ్యలో ఎన్నో మెట్లు ఎక్కి దిగుతుంది. సీరియానికి ఒక్కటే మెట్టు, +4 నుంచి +3. అందుకే లెక్క శుభ్రంగా తేలుతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కట్టిన ద్రావణం నెలల తరబడి బలం తగ్గకుండా నిలుస్తుంది.

జయపురం_జిజ్ఞాస
ఇప్పుడు కుదిరింది. నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

కళ్లజోడు_కొట్టు
ఈ చర్చ చదువుతుంటే చేతులు ఊరుకోవడం లేదు. మా నాన్నగారి కాలం నుంచి బరంపురంలో మాది కళ్లజోళ్ల కొట్టు. గాజు అద్దాలకు మెరుగు పెట్టటానికి వాడేది ఈ సీరియం ఆక్సైడ్ పొడినే. మజ్జిగలా పలచగా నీటిలో కలిపి, తిరిగే ఉన్ని దిండు మీద పోస్తూ అద్దాన్ని ఒత్తి పట్టుకుంటాం. అద్దం మంచు పట్టినట్టు మసకగా వెళుతుంది, కొన్ని నిమిషాల్లో అవతల నిలబడ్డ మనిషి మీసం కనిపించేంత తేటగా వస్తుంది. దిండు ఆరిపోతే గీతలు పడతాయి, నీరు తగ్గకూడదు. తాతయ్య రోజుల్లో ఎర్రటి ఇనుప ఆక్సైడ్ వాడేవారు, చేతులు, చొక్కా, గోడ అన్నీ ఎర్రగా అయ్యేవట.

నా సందేహం వేరు. నల్లఇసుక గారు లేత పసుపు అన్నారు. మా డబ్బాలోది ఇటుక కలిసిన గులాబీ రంగు. ముప్పై ఏళ్లుగా అదే రంగు. నాకు కల్తీ సరుకు అమ్ముతున్నారా?

నల్లఇసుక
కల్తీ కాదండీ. మెరుగు పొడికి అంత శుద్ధి అవసరం లేదు, అందుకని పక్క లోహాలను పూర్తిగా తీయరు. వాటిలో ప్రెసియోడిమియం ఒకటి. దాని ఆక్సైడ్ నల్లగా ఉంటుంది, కొద్దిగా సీరియాలో (సీరియం ఆక్సైడ్‌లో) కలిస్తే ఆ ఇటుక గులాబీ రంగు వస్తుంది. శుద్ధమైనది కొంటే వెల ఎక్కువ, మీ పనికి లాభం లేదు.

ఇంకో మాట. నీరు తగ్గకూడదని మీరు చేతి అనుభవంతో చెప్పారే, దాని వెనుక రసాయన చర్య ఉంది. ఈ పొడి గాజును గీకి మాత్రమే నునుపు చేయదు. నీటి సాయంతో గాజు పైపొరలోని సిలికాతో ఆక్సిజన్ ద్వారా బంధం వేసుకుంటుంది, దిండు కదిలినప్పుడు ఆ పొరను పెరుక్కుని పోతుంది. గీకుడు, చర్య రెండూ కలిసి జరుగుతాయి.

కళ్లజోడు_కొట్టు
ఇన్నేళ్లకు తెలిసింది. ఇప్పుడు వచ్చేవన్నీ ప్లాస్టిక్ అద్దాలు, వాటికి అల్యూమినియం ఆక్సైడ్ వాడతాం. గాజు పని నెలకు ఒకటో రెండో. సీరియం డబ్బాను మాత్రం నేను పారేయను.

గంజాం_గాలి
నాదొక భయం. ఈ లోహాలన్నీ ఒడిశా తీరంలోని ఛత్రపురం ఇసుకలో దొరికేవే అంటారు. ఆ ఇసుకలో రేడియోధార్మికత ఉందని మా మేనమామ పిల్లలను సముద్రపు ఒడ్డుకే పంపడు. కళ్లజోడు కొట్టులో ఆ పొడి పీల్చినవారికి ఏమీ కాదా?

నల్లఇసుక
దీన్ని విడమరచి చెప్పాలి. మాది ఛత్రపురమే. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టటానికి వచ్చినప్పుడు చూడటానికి వెళ్లే తీరమే మా చిన్నప్పటి ఆటస్థలం. అల వెనక్కి పోయాక తెల్లటి ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. ఆ నలుపు ఇల్మెనైట్ అనే ఖనిజం. అరచేతిలో వేసుకుని చూస్తే మధ్యలో ఎర్రటి గార్నెట్ గింజలు, మెరిసే జిర్కాన్, అక్కడక్కడ తేనె రంగు గింజ. ఆ తేనె రంగుది మోనజైట్. సీరియం, లాంథనం, నియోడిమియం వంటి లోహాల ఫాస్ఫేట్ అది, దానిలోనే థోరియం కూడా ఉంటుంది. రేడియోధార్మికత థోరియానిది, దాని నుంచి పుట్టే మూలకాల వంశానిది. ప్రకృతిలో దొరికే సీరియం రేడియోధార్మికత లేనిది. థోరియం ఉంది కాబట్టే మోనజైట్‌ను అణుశక్తి చట్టం కింద ఉంచారు, ఎవరు పడితే వారు తవ్వి అమ్ముకోవటానికి వీల్లేదు.

థోరియాన్ని విడదీయటం కూడా రసాయనమే. మోనజైట్‌ను కాస్టిక్ సోడాతో వేడి చేస్తారు. ఫాస్ఫేట్ భాగం ట్రైసోడియం ఫాస్ఫేట్‌గా నీటిలోకి వెళ్లిపోతుంది. మిగిలిన హైడ్రాక్సైడ్ ముద్దను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, ఆమ్లత మరీ పెరగకుండా కరిగిస్తే విరళ మృత్తికలు (సీరియం, లాంథనం వంటి ఈ లోహాలే) క్లోరైడ్లుగా ద్రావణంలోకి వస్తాయి, థోరియం అడుగున ముద్దగా ఉండిపోతుంది. ఛత్రపురంలో తయారైన మిశ్రమ క్లోరైడ్ కేరళలోని ఆలువాకు వెళుతుంది, ఒక్కో లోహాన్ని అక్కడ వేరు చేస్తారు.

పొడి విషయానికి వస్తే, ఏ సన్నని ధూళి అయినా ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగా వాడినంతసేపు ఎగరదు. పొడి డబ్బా తెరిచేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

గుణుపురం_మాస్టారు
నల్లఇసుక గారి మాటకు నా మాట ఒకటి జోడిస్తాను, పాప కోసం. థోరియం అడుగున ఎందుకు ఉండిపోయింది? అది కూడా నాలుగు ధనావేశాల అయాన్, పలచటి ఆమ్లంలోనే జలవిశ్లేషణ చెంది ముద్దవుతుంది. సీరియాన్ని తోటి లోహాల నుంచి వేరు చేయటానికీ ఇదే కీలకం. దాన్ని ఒక్కదాన్నే +4కు ఎక్కించి, ఆమ్లత తగ్గిస్తే అది అవక్షేపంగా దిగుతుంది, +3లో ఉన్నవి ద్రావణంలో మిగులుతాయి. సీరియం ఆక్సైడ్‌ను 1803లో స్వీడన్‌లో బెర్జీలియస్, హిసింగర్, జర్మనీలో క్లాప్రోత్ విడివిడిగా కనుగొన్నారు. అందరూ అది ఒకే పదార్థం అనుకున్నారు. 1839లో మొసాండర్ దాన్ని పలచటి నైట్రిక్ ఆమ్లంతో కడిగి చూశాడు. +4 సీరియం కరగక మిగిలింది, కరిగి వచ్చినది కొత్త లోహపు ఆక్సైడ్. దాగి ఉన్నది అన్న అర్థంతో దానికి లాంథనం అని పేరు పెట్టాడు.

అమ్మా, మీ అమ్మాయి బీకరులో పేరుకున్న మడ్డి, ఆలువాలో సీరియాన్ని వేరు చేసే చర్య, మొసాండర్ గాజు పాత్రలో జరిగినది, మూడింటి వెనుక ఒకే గుణం ఉంది. ఉప్పు తగలేసిందన్న మాట నేను ఒప్పుకోను.

బరంపురం_అమ్మ
ఇది చదివి లేచి కూర్చుంది మాస్టారూ. పెసరట్టు తింటోంది.

పెట్రోమాక్స్_తాత
నేను పర్లాకిమిడి. కరెంటు లేని పెళ్లిళ్లకు పెట్రోమాక్స్ లైట్లు అద్దెకు ఇచ్చేవాణ్ణి. మాంటిల్ సంగతి ఎవరూ ఎత్తలేదే! పట్టు సంచిలా మెత్తగా వస్తుంది, దారంతో ముడి వేసి కట్టాలి. మొదటిసారి వెలిగిస్తే గుడ్డ కాలిపోతుంది, బూడిద మాత్రం సంచి ఆకారంలోనే నిలబడుతుంది. వేలు తగిలితే పొడి. దోమ తగిలినా చిల్లు పడేది. ఆ బూడిదే తెల్లగా వెలిగేది. అందులో సీరియం ఉంటుందని మా దుకాణానికి వచ్చిన ఒక అయ్యవారు చెప్పారు. నిజమేనా?

నల్లఇసుక
నిజమే తాతగారూ. ఆస్ట్రియా దేశపు ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ చేసిన కూర్పు అది, 1891 నుంచి అమ్మకానికి వచ్చింది. గుడ్డను థోరియం, సీరియం నైట్రేట్లలో తడిపి ఆరబెట్టేవారు. కాలిస్తే నైట్రేట్లు ఆక్సైడ్లవుతాయి. 99 పాళ్లు థోరియా (థోరియం ఆక్సైడ్), ఒక్క పాలు సీరియా. థోరియా ఒక్కటే ఉంటే వెలుగు చాలదు, సీరియా ఎక్కువైతే మళ్లీ మసకబారుతుంది. ఆ ఒక్క పాలులోనే కీలకం ఉంది. తరువాతి రోజుల్లో థోరియం బదులు ఇట్రియం వాడటం మొదలుపెట్టారు. మీ దగ్గర పాత మాంటిళ్లు మిగిలి ఉంటే బూడిద ఊదకండి, పిల్లలకు ఇవ్వకండి.

పెట్రోమాక్స్_తాత
అటక మీద రెండు పొట్లాలు ఉన్నాయి. ఇక అలాగే ఉంచుతాను.

గంజాం_గాలి
మా వంటింట్లో టక్కున కొట్టే లైటరులో కూడా సీరియమే కదా?

జయపురం_జిజ్ఞాస
కాదు. అది స్ఫటికం మీద దెబ్బ వేసి విద్యుత్ నిప్పురవ్వ పుట్టించేది. చిన్న చక్రం తిప్పి వెలిగించే సిగరెట్ లైటరులోని రాయి సీరియం ఎక్కువగా ఉన్న మిశ్రలోహం, ఇనుము కలిపి గట్టిగా చేసినది. అది కూడా వెల్స్‌బాక్‌దే, 1903. గీకినప్పుడు రాలిన రజను గాలిలో అంటుకుని ఆక్సైడ్ అవుతుంది.

రాయగడ_రవ్వ
మళ్లీ నేనే. రాత్రంతా ఒకటే ఆలోచన. d, f ఎలక్ట్రాన్ల వల్ల రంగు వస్తుందని చెప్పారు. +4 సీరియంలో f ఎలక్ట్రాన్ ఒక్కటీ లేదు, అయినా పసుపు. +3లో ఒకటి ఉంది, అయినా రంగు లేదు. తిరగబడింది కదా?

గుణుపురం_మాస్టారు
బాబూ, ఇది అడిగినందుకు నీకు నా ఆశీస్సులు. +4లో రంగు లోహపు సొంత ఎలక్ట్రాన్ వల్ల కాదు. పక్కనున్న ఆక్సిజన్ నుంచి ఒక ఎలక్ట్రాన్ వెలుగును మింగి, ఖాళీగా ఉన్న సీరియం f కక్ష్యలోకి దూకుతుంది. ఆ దూకుడుకు నీలి, ఊదా కాంతి ఖర్చవుతుంది, మన కంటికి పసుపు, నారింజ మిగులుతాయి. +3లో ఉన్న ఆ ఒక్క f ఎలక్ట్రాన్ పైనున్న d కక్ష్యకు వెళ్లాలంటే నీటి ద్రావణంలో అతినీలలోహిత కాంతి కావాలి. అది మన కంటికి కనిపించదు, అందుకే రంగు లేనట్టు ఉంటుంది.

కానీ అదే +3 సీరియాన్ని ఇట్రియం అల్యూమినియం గార్నెట్ అనే స్ఫటికంలో కొద్దిగా కలిపితే ఆ దూరం తగ్గుతుంది. నీలి కాంతిని మింగి పసుపు కాంతిని వెదజల్లుతుంది. మీ ఇంట్లో తెల్ల ఎల్‌ఈడీ బల్బు ఆరి ఉన్నప్పుడు లోపల చూడు, పసుపు చుక్కలు కనిపిస్తాయి. నీలి వెలుగు, ఆ పసుపు కలిసి తెలుపుగా అనిపిస్తాయి.

పెట్రోమాక్స్_తాత
అంటే నా లైటులోనూ, మనవడి గదిలో బల్బులోనూ ఒకటే లోహమా! వాడికి ఇప్పుడే చూపించాలి.

బరంపురం_అమ్మ
నాలుగు రోజుల తరువాత రాస్తున్నాను. పాప వాళ్ల అధ్యాపకురాలి దగ్గరకు వెళ్లి వరుస చెప్పి, మరోసారి చేస్తానని అడిగింది. ఆవిడ పక్కనే నిలబడి చేయించారట. ఆమ్లం, నీరు కలిపిన వేడిలో ఉప్పు వేయగానే చిక్కటి నారింజ, నీరు చేర్చేకొద్దీ నిమ్మపండు పసుపు, మడ్డి అన్నది లేదు. బ్యూరెట్ వెనుక కాగితం పెడితే అక్షరాలు కనిపించాయట. రంగు మారి ముగింపు చూపే ఫెర్రోయిన్ రెండు చుక్కలు వేస్తే ఇనుము ద్రావణం కుంకుమలా ఎర్రబడింది. చివరి చుక్కకు ఒక్కసారిగా లేత నీలం. మూడుసార్లు చేసింది, మూడుసార్లూ 19.8 మిల్లీలీటర్లు. నాకు చేయి తిప్పి చూపించి మరీ చెప్పింది.

గుణుపురం_మాస్టారు
మూడుసార్లూ ఒకటే వచ్చిందా! శభాష్ తల్లీ. పాత మడ్డి బీకరు పారబోశారా?

బరంపురం_అమ్మ
లేదు, అధ్యాపకురాలు దాచి ఉంచారట.

గుణుపురం_మాస్టారు
మంచి పని. పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లం, కొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్ చేర్చమనండి. పెరాక్సైడ్ +4ను +3కు దించుతుంది, బుడగలు వస్తాయి, మడ్డి కరిగి ద్రావణం రంగు లేకుండా తేటపడుతుంది. తరువాత ఆక్సలిక్ ఆమ్లం వేస్తే తెల్లటి సీరియం ఆక్సలేట్ దిగుతుంది. దాన్ని మూసలో కాలిస్తే లేత పసుపు ఆక్సైడ్. గ్రాము కూడా వృథా కాదు.

కళ్లజోడు_కొట్టు
ఆ పసుపు పొడి పక్కన పెట్టి చూడటానికి నా డబ్బాలోని గులాబీ పొడి చిన్న పొట్లం కట్టి ఇస్తాను అమ్మా. సాయంత్రం ఏడు దాకా కొట్టు తెరిచే ఉంటుంది, ఆదివారం సెలవు. పాపను కూడా తీసుకురండి, దిండు మీద గాజు ఎలా తేటపడుతుందో తనకు చూపిస్తాను.